ఉచిత విద్య – కుటుంబ వ్యయం

క్రీ.శ. 1822లో చెన్నపట్టణ రాజధానికి గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నింటిలో ఎన్ని బడులు ఉన్నాయో, వాటిలో ఎందరు పిల్లలు చదువుతున్నారో లెక్క తీసి పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు అలెగ్జాండర్ డంకన్ క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక ఆ లెక్కలన్నింటిలో ప్రసిద్ధమైంది. 1816లో తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసి అచ్చువేయించిన క్యాంప్‌బెల్ ఇతడే. అందువల్ల తెలుగు బడుల తీరుతెన్నులు ఆయనకు కొత్తవి కావు.

నాటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. ఆ జిల్లా మొత్తంమీద 533 బడులు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు కలెక్టరు తేల్చాడు. బడులలో 235 కన్నడానివి, 226 తెలుగువి. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతం, తమిళం మొదలైన భాషలవి. పది లక్షలకు చేరువైన జనాభాలో ఏడువేల మంది పిల్లలైనా బడిలో లేరు. ఇందుకు కారణమేమిటని కలెక్టరు విచారించాడు. చదువుపై ప్రజలకు ఆసక్తి లేదని ఆయన రాయలేదు. మధ్యతరగతి, దిగువ తరగతి కుటుంబాలు బిడ్డల చదువుకయ్యే ఖర్చు భరించలేకున్నాయనీ, పైగా పసిపిల్లల కాళ్లూ చేతులూ ఏ కొద్దిపాటి పనికి పనికివచ్చినా ఆ కూలి లేనిదే ఇల్లు గడవడం లేదనీ రాశాడు. ఇంగ్లండు నుంచి దిగుమతి అయిన వస్త్రాల వల్ల నేతపనివారి బ్రతుకు దెబ్బతిన్నదని కూడా నిర్మొహమాటంగా చెప్పాడు.

బిడ్డను బడికి పంపడానికి చేతినుంచి పెట్టవలసిన సొమ్ము ఒకటి. బిడ్డ బడిలో కూర్చున్నందువల్ల ఇంటికి రాకుండా పోయే సొమ్ము రెండవది. చదువు వ్యయంలోని ఈ రెండు పద్దులనూ రెండువందల ఏండ్లకు పూర్వమే ఒక జిల్లా అధికారి గుర్తించాడు. ప్రభుత్వ విద్యారంగంలో కుటుంబాలపై భారం తగ్గించడానికి తరువాత జరిగిన ప్రయత్నాలన్నింటిలోనూ మొదటి పద్దుమీద ఉన్నంత దృష్టి రెండవదానిమీద నిలవలేదు.

నిజానికి ఆనాటి వీధిబడి చాలా పొదుపైనది. పిల్లవాడు తొలుత ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. తరువాత బొగ్గుపొడి పూతపూసి గట్టిపరచిన గుడ్డపలకమీద, అనగా కడితంమీద, బలపంతో రాసేవాడు. చేయి తిరిగిన తరువాత తాటియాకు, గంటము చేతికి వచ్చేవి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు పాఠం చెప్పేవారు గనుక ఒక్క పంతులే అందరినీ నెట్టుకురాగలిగేవాడు. ఈ పద్ధతిలోని మితవ్యయాన్ని కలెక్టరు మెచ్చుకున్నాడు కూడా. అయినప్పటికీ పంతులుకు జీతం ఇచ్చుకోవలసింది పిల్లల తల్లిదండ్రులే. పల్లెలలో అది పంటమీద ధాన్యరూపంలో ముట్టేది. దసరా పండుగకు పిల్లలు విల్లంబులు చేతబట్టుకొని పంతులుతో కలిసి ఇంటింటికీ తిరిగి పాటలు పాడి మామూలు వసూలు చేసేవారు. పాఠశాల రుసుము కట్టడాన్ని ‘జీతం కట్టడం’ అని కొందరు వృద్ధులు అనడం వీధిబడి నాటి నుంచి మిగిలిన అలవాటే. ఇసుకకూ తాటియాకుకూ ఖర్చు లేకపోయినా ఆ జీతం కట్టలేని ఇంటి బిడ్డ అరుగు ఎక్కలేకపోయాడు.

చదువుకయ్యే వ్యయాన్ని కుటుంబం కాక రాజ్యమే భరించాలనే వాదం పందొమ్మిదో శతాబ్ది చివరి పాదంలో బలపడింది. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే వాంగ్మూలమిస్తూ, ఖజానాకు చేరే సొమ్ములో అధికభాగం రైతుకూలీల చెమటనుంచి వచ్చినదేననీ, అది మాత్రం పైవర్గాల ఉన్నతవిద్యకు వెచ్చింపబడుతున్నదనీ ఆక్షేపించాడు. బరోడా సంస్థానాధీశుడు శాయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలీ ప్రాంతంలో నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రయోగాత్మకంగా ప్రారంభించి, 1906లో సంస్థానమంతటికీ విస్తరింపజేశాడు. గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసనమండలిలో ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు ఎంతో జంకుతో కూడినది: నెలకు పది రూపాయలు మించని ఆదాయం కలవారి పిల్లలకు మాత్రమే రుసుము ఉండరాదని అందులో ప్రతిపాదించాడు. ఆపాటి కోరిక కూడా 1912లో 38–13 ఓట్ల తేడాతో వీగిపోయింది.

స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 45వ అధికరణం పదునాలుగేండ్లు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను పదేండ్లలోగా సమకూర్చడానికి రాజ్యం ప్రయత్నించాలని ఆదేశించింది. పదేండ్ల గడువు 1960లో ముగిసింది గాని పని ముగియలేదు. ఆదేశిక సూత్రం హక్కుగా మారడానికి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ఒక వ్యాజ్యం తోడ్పడింది. వైద్య, ఇంజనీరింగ్ కళాశాలలు వసూలుచేసే క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ 1983లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అటువంటి చట్టాలను సవాలు చేస్తూ సాగిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, పదునాలుగేండ్ల వరకు విద్య పిల్లల ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. లక్షలు పోసి వృత్తివిద్య కొనుక్కునేవారి తగవులో నుంచి పలక కొనలేని వారికి హక్కు లభించడం విచిత్రమే. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 21-ఎ అధికరణం చేరింది. దానిని అనుసరించి వచ్చిన విద్యాహక్కు చట్టం 2009లో ఆమోదం పొంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలోని 3వ విభాగం ప్రత్యేకంగా గమనింపదగినది. ప్రాథమిక విద్యను కొనసాగించకుండా, పూర్తిచేయకుండా బిడ్డను అడ్డుకునే ఎటువంటి రుసుమునుగాని, చార్జీనిగాని, ఖర్చునుగాని ఆ బిడ్డ భరించవలసిన పనిలేదని అందులో ఉన్నది. రుసుము అనే మాటతో ఆగక ఖర్చు అనే మాటను కూడా చేర్చడం వల్ల ‘ఉచితం’ అనే పదానికి అర్థం విస్తరించింది. రుసుము లేనంతమాత్రాన చదువు ఉచితం కాజాలదని చట్టమే అంగీకరించినట్లయింది.

రుసుము లేని బడికి బిడ్డను పంపే ఇంట ఎటువంటి ఖర్చు ఉంటుందో జూన్ నెలలో తెలుస్తుంది. తెలుగునాట బడులు తెరిచేది సాధారణంగా ఆ నెల రెండవ వారంలో. మృగశిర కార్తె ప్రవేశించేది కూడా ఆ రోజులలోనే. రైతు విత్తనాలకూ, ఎరువులకూ, దుక్కికూలికీ అప్పుకోసం తిరుగుతుంటాడు. వ్యవసాయ కూలీకి వేసవి నెలలలో పని దొరకక చేతిలో పైసా ఉండదు. ఇంటిలో ధాన్యపు గాదె అడుగంటి ఉంటుంది. సరిగా ఆ వేళకే నోటుపుస్తకాలు, సంచి, చెప్పులు, దుస్తులు, పెన్నులు, గణితపు పెట్టె అన్నీ ఒక్కసారిగా కావలసివస్తాయి. ఇద్దరు బిడ్డలున్న ఇంట ఒకరికి కొని మరొకరికి వాయిదా వేస్తారు. ఆ వాయిదా పడేది తరచుగా ఆడపిల్లకే. సంవత్సరం మొత్తంమీద లెక్కవేస్తే ఆ మొత్తం పెద్దది కాకపోవచ్చు. కాని నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో కొనవలసినప్పుడు పంట చేతికి వచ్చేదాకా దానిమీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. సహాయం ఎంత అనే ప్రశ్నతో సమానంగా సహాయం ఎప్పుడు అనే ప్రశ్నకు కూడా విలువ ఉండడానికి కారణమిదే. జూన్‌లో అందిన పుస్తకానికీ సెప్టెంబరులో అందిన పుస్తకానికీ ప్రభుత్వ లెక్కలలో ధర ఒక్కటే. ఇంటి లెక్కలో మాత్రం రెండవదానికి విలువ సగమైనా ఉండదు. అప్పటికే ఆ ఇల్లు దానిని అప్పుచేసి కొని ఉంటుంది, లేదా బిడ్డ అది లేకుండానే మూడు నెలల పాఠాలు విని ఉంటాడు.

ఖర్చులలో మొదట రాజ్యం తనమీద వేసుకున్నది అన్నమే. చెన్నై నగరపాలక సంస్థ అధ్యక్షుడుగా ఉన్న పిట్టి త్యాగరాయ శెట్టి 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలలో పిల్లలకు భోజనం పెట్టే పథకానికి ఆమోదం సాధించాడు. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు. ఒక్కొక్క విద్యార్థికి రోజుకు ఒక అణా మించకుండా వ్యయం చేయాలని అప్పటి నియమం. ప్రాథమిక విద్యకు కేటాయించిన నిధిని భోజనానికి వాడరాదని ప్రభుత్వం అభ్యంతరపెట్టగా కొన్నేండ్లకే అది ఆగిపోయింది. చదువు వేరు, ఆకలి వేరు అన్న నమ్మకం ఆనాటి అధికారులలో అంత గట్టిగా ఉండేది. తమిళనాట 1956లో కామరాజ్, 1982లో ఎం.జి. రామచంద్రన్ ఆ పనిని రాష్ట్రవ్యాప్తం చేశారు.

దేశమంతటికీ 1995 ఆగస్టు 15న ప్రారంభమైన కార్యక్రమం చాలాచోట్ల వండిన అన్నం పెట్టలేదు. ఎనభై శాతం హాజరు ఉన్న బిడ్డకు నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చి పంపింది. ఇంటికి చేరిన ఆ గింజలు కుటుంబమంతా పంచుకున్నారు. అది తప్పేమీ కాదు గాని మధ్యాహ్నం వేళ తరగతిలో కూర్చున్న బిడ్డ ఆకలి అట్లాగే ఉండిపోయింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో పరిస్థితి మారింది. కనీసం 300 కేలరీల శక్తి, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు గల వండిన భోజనాన్ని ఏడాదికి కనీసం 200 రోజులు ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలోనూ పెట్టాలని న్యాయస్థానం ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడులలో పొయ్యి వెలిగింది. వంట బాధ్యతను ఎక్కువచోట్ల ఆ ఊరి మహిళా సంఘాలే స్వీకరించాయి.

ఒక పూట అన్నం ఖరీదు స్వల్పమే అనిపిస్తుంది. కాని తెల్లవారుజామున కూలికి పోయే తల్లికి మధ్యాహ్నపు వంట తప్పడం, తమ్ముడికి అన్నం పెట్టడానికి అక్కను ఇంటివద్ద ఉంచవలసిన అవసరం తీరడం ఏ లెక్కలోనూ చేరని ఆదా. వేర్వేరు కులాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చోవడం మరొక లాభం. అన్నిచోట్లా అది ఏ పేచీ లేకుండా జరిగిందని చెప్పడానికి మాత్రం వీలులేదు. వండే స్త్రీలకు బిల్లులు నెలల తరబడి రాకపోవడం ఈ పథకంలోని పెద్ద లోపం. దుకాణంలో అరువు దొరికినంతకాలం పప్పు చిక్కగా ఉంటుంది. అరువు నిలిచిపోగానే పలుచబడుతుంది. సర్కారు ఆలస్యానికి వడ్డీ కడుతున్నది ఆ స్త్రీలే. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. గోదావరి లంకలలో ఏ వేళ వచ్చిన బాటసారికైనా కులమడగకుండా అన్నం పెట్టిన ఆ ఇల్లాలి పేరు పెట్టుకున్న పథకంలో వండే చేతులు అప్పులపాలు కారాదు.

అన్నం తరువాత పుస్తకం, బట్ట. పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ బడులలో ఉచితంగా అందడం మొదలై చాలాకాలమైనా, నోటుపుస్తకాలు, సంచి, బూట్లు మొదలైనవి చాలాకాలం ఇంటిమీదే ఉండేవి. 2020 అక్టోబరు 8న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన విద్యాకానుక ఈ వస్తువులన్నింటినీ ఒకే సంచిలో చేర్చింది: మూడు జతల ఏకరూప దుస్తుల బట్ట, పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, బూట్లు, రెండు జతల మేజోళ్లు, బెల్టు. దుస్తుల కుట్టుకూలిని తల్లుల ఖాతాలలో జమచేసే ఏర్పాటు కూడా అందులో ఉన్నది. ప్రభుత్వం మారిన తరువాత 2025లో అటువంటి సంచినే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థిమిత్ర అనే పేరుతో ఇచ్చారు. తెలంగాణలో 2024లో ఏకరూప దుస్తులు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించారు. ఇందువల్ల బిడ్డ దుస్తుల మీద పెట్టిన సొమ్ములో కొంత ఆ ఊరి స్త్రీలకే కూలిగా ముట్టింది.

ఏకరూప దుస్తుల ప్రయోజనం ఖర్చుతో ముగియదు. ఉచితంగా ఇచ్చే వస్తువు పేదబిడ్డకు మాత్రమే ఇస్తే అది ఆ బిడ్డ నుదుటిమీద రాత అవుతుంది. తరగతిలో అందరికీ ఇస్తే ఎవరి ఇంటి సంగతి ఎవరికీ తెలియదు. అర్హులను ఏరి తీసి ఇస్తే సొమ్ము ఆదా అవుతుందని వాదించేవారు ఉన్నారు. అర్హత నిరూపించుకోవడానికి పేదవాడు వెచ్చించే సొమ్మును, మింగే అవమానాన్ని వారు లెక్కవేయరు.

ఇందుకు పదవ తరగతి పరీక్ష రుసుము మంచి ఉదాహరణ. 2025 మార్చి పరీక్షలకు తెలుగు రాష్ట్రాలలో రెగ్యులర్ విద్యార్థి కట్టవలసిన రుసుము 125 రూపాయలు. నిర్ణీత వార్షికాదాయ పరిమితికి లోబడిన షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల కుటుంబాలకు మినహాయింపు ఉన్నది. ఆ పరిమితి చాలాకాలంగా పల్లెలో ఏడాదికి ఇరవై వేల రూపాయలు, పట్టణంలో ఇరవై నాలుగు వేలు. నెలకు రెండువేల రూపాయలు కూడా రాని ఇల్లు ఉండడం కష్టం. ఒకవేళ ఉన్నా దానిని రుజువు చేయడానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి. తండ్రి ఒక రోజు కూలి మానుకొని, బస్సు చార్జీ పెట్టుకొని మండల కేంద్రానికి వెళ్లి, దరఖాస్తు రుసుము కట్టి, మరొక రోజు మళ్లీ వెళ్లి ఆ కాగితం తెచ్చుకోవాలి. 125 రూపాయల మినహాయింపుకోసం అంతకు అనేకరెట్లు పోగొట్టుకోవడం తెలివైన పని కాదని గ్రహించి చాలామంది రుసుమే కట్టివేస్తారు. రాయితీ కాగితంమీద ఉంటుంది, ఖర్చు ఇంటిమీద ఉంటుంది.

బడి దూరమైతే ఖర్చు మరొక రూపంలో వస్తుంది. ప్రాథమిక పాఠశాల ఊరిలోనే ఉన్నా, ఉన్నత పాఠశాల నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉంటుంది. మగపిల్లవాడు ఎట్లాగో నడిచిపోతాడు. ఆడపిల్ల చదువు ఆ దారిలోనే ఆగిపోతుంది. బీహార్ రాష్ట్రంలో 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి రెండువేల రూపాయలు ఇచ్చే పథకం ప్రారంభమైంది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దీని ఫలితాలను పొరుగున ఉన్న జార్ఖండ్‌తో పోల్చి పరిశీలించారు. ఉన్నత పాఠశాలలలో ఆయా వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రచురించిన వారి అధ్యయనం తెలిపింది. బడి మూడు కిలోమీటర్లకు పైగా దూరమున్న ఊళ్లలోనే మార్పు ఎక్కువ. పాట్నా దారులమీద గుంపులుగా సైకిళ్లు తొక్కే ఆడపిల్లలను చూడడం ఊరివారికి అలవాటు కావడమూ అందులో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో బాలికలకు సైకిళ్లు ఇవ్వడానికి వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే. విద్యాశాఖతో సంబంధం లేని నిర్ణయాలు కూడా ఒక్కొక్కసారి చదువు ఖర్చును తగ్గిస్తాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం లభించింది. కళాశాలకు వెళ్లే ఆడపిల్ల బస్సు పాసు ఖర్చు దానితో తీరిపోయింది. ఆ దారిలో బస్సు ఉన్న ఊళ్లకు మాత్రమే అన్నది వేరే సంగతి.

ఇక క్యాంప్‌బెల్ రాసిన రెండవ పద్దు మిగిలింది. సంకరజాతి పత్తి విత్తనం పండించే చేలలో మొగ్గలు గిల్లి పుప్పొడి అద్దే పనికి చిన్నచేతులు కావాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఆ పనికోసం ఆడపిల్లల తల్లిదండ్రులకు పంటకాలానికి ముందే అప్పు ముట్టేది. ఆ అప్పు తీరేదాకా బిడ్డ చేనిలోనే ఉండేది. అట్టి బిడ్డకు ఉచిత పుస్తకం ఇచ్చి ప్రయోజనమేమిటి? పేదరికం తొలగితే తప్ప బాలకార్మికులు బడికి రారని ఎక్కువమంది భావిస్తున్న కాలంలో, శాంతా సిన్హా నాయకత్వాన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లాలో ఆ భావనకు ఎదురీదింది. వెట్టిలో ఉన్న పిల్లలను విడిపించి, కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చడం వారి పద్ధతి. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా శ్రామికుడేనని వారు నిర్వచించారు. తల్లిదండ్రులకు డబ్బు ఆశ చూపలేదు. తమ ఊరి బిడ్డ పనిలో ఉండరాదని ఊరంతా అనుకునేటట్లు చేయడంమీదనే శ్రద్ధపెట్టారు. బిడ్డ కూలి పోయినా బడి తమ బిడ్డను మర్యాదగా చేర్చుకుంటే చాలునని ఎందరో తల్లులు ఆ నష్టాన్ని తామే భరించారు. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

నష్టాన్ని తల్లి భరించగలదని తెలిసినంతమాత్రాన ఆమెమీదే ఉంచడం న్యాయం కాదు. 2020 జనవరి 9న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన అమ్మఒడి పథకం బిడ్డను బడికి పంపే పేదతల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. ఎందరు బిడ్డలున్నా తల్లికి ఒక్కసారే సహాయం అందేది. తరువాతి సంవత్సరాలలో బడి నిర్వహణకోసం అందులో నుంచి కొంత మినహాయించారు. 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం ఇంటిలో చదివే ప్రతి బిడ్డకూ వర్తించింది. నిర్వహణకు మినహాయించిన రెండువేలు పోగా 13,000 రూపాయలు ఖాతాలో జమ అయ్యాయి. పోయిన కూలికి బదులుగా తల్లి చేతికి సొమ్ము రావడం రెండవ పద్దును గుర్తించినట్లే. అయితే ఈ సహాయం ప్రైవేటు బడిలో చదివే పిల్లలకు కూడా వర్తిస్తుంది. కొందరు తల్లులు దానిని రుసుముగా కట్టి బిడ్డను ప్రైవేటు బడిలో ఉంచుతున్నారనీ, సర్కారు సొమ్ముతో సర్కారు బడి ఖాళీ అవుతున్నదనీ విమర్శ ఉన్నది. ఏ బడిలో చదివినా పేదతల్లి పేదతల్లే కదా అన్నది దానికి సమాధానం. రెండింటిలోనూ సత్యం ఉన్నది. బడికి నేరుగా అందే అన్నం, పుస్తకం ఆ బడిని కూడా నిలబెడతాయి. నగదు ఇంటిని మాత్రమే నిలబెడుతుంది.

ఇంటి ఖర్చును దాదాపు పూర్తిగా తొలగించిన ఏర్పాటు గురుకులం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో రాష్ట్రపు తొలి గురుకుల పాఠశాల వెలసింది. పల్లెలలోని ప్రతిభగల పేదపిల్లలకు చదువు, వసతి, భోజనం ఒకేచోట ఉచితంగా కల్పించడం దాని ఆశయం. తరువాత సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల గురుకులాలు వందలుగా విస్తరించాయి. కాని ఊరిబడిలో చదివే లక్షలాది పిల్లలందరినీ గురుకులాలు చేర్చుకోజాలవు.

ఇన్ని ప్రయత్నాల తరువాత కుటుంబం ఎంత భరిస్తున్నదో 2025 ఏప్రిల్–జూన్ నెలలలో జరిగిన జాతీయ నమూనా సర్వే తెలుపుతున్నది. దేశంలో ప్రభుత్వ బడిలో చదివే విద్యార్థిపై కుటుంబం ఏడాదికి సగటున 2,863 రూపాయలు, ఇతర బడులలో 25,002 రూపాయలు వెచ్చిస్తున్నది. సుమారు తొమ్మిది రెట్ల తేడా ఇది. ప్రభుత్వ బడులలో కూడా 26.7 శాతం మంది ఏదో ఒక కోర్సు రుసుము కట్టినట్లు చెప్పారు. బడులన్నింటినీ కలిపి చూస్తే 27 శాతం మంది విద్యార్థులు ట్యూషనుకు వెళుతున్నారు లేదా ఆ ఏడాది వెళ్లినారు. రుసుము లేని బడి బయట రుసుము ఉన్న మరొక బడి తయారవుతున్నదన్నమాట. తరగతిలో చెప్పవలసిన పాఠం తరగతిలో అందకపోతే ఇచ్చిన అన్నం, పుస్తకం, సైకిలు ఆదాచేసిన సొమ్ము ట్యూషనుకు పోతుంది.

విద్యాహక్కు చట్టం పదునాలుగేండ్లతో ఆగిపోతుంది. తొమ్మిదవ తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు చదివే విద్యార్థికి ఆ చట్టపు రక్షణ లేదు. మూడు నుంచి పద్దెనిమిదేండ్ల వరకు అందరికీ విద్య అందాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది గాని అది హక్కుగా మారలేదు. ప్రభుత్వ జూనియర్ కళాశాల విద్యార్థులలో చాలామంది పొద్దున్నే పల్లె నుంచి బయలుదేరి వచ్చేవారు. పదవ తరగతి వరకు బడిలో అన్నం తిన్న బిడ్డ కళాశాలలో చేరిన మొదటి రోజునే ఆ అన్నానికి దూరమయ్యేవాడు. 2025 జనవరి 4న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూనియర్ కళాశాలలలో కూడా మధ్యాహ్న భోజనం ప్రారంభించింది.

పుస్తకాల విషయంలో మాత్రం విద్యార్థులే ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టారు. విజయవాడ ఏలూరు రోడ్డులోనూ, హైదరాబాదు కోఠిలోనూ పాతపుస్తకాల దుకాణాలు జూన్ నెలలో కిటకిటలాడుతుంటాయి. ఊళ్లలో దుకాణం అవసరం కూడా ఉండదు. మార్చిలో పరీక్ష రాసిన రెండవ సంవత్సరపు విద్యార్థి తన పుస్తకాలను దారంతో కట్టి అటకమీద పెడతాడు. జూన్‌లో పక్కింటి పిల్లవాడు వచ్చి అడిగితే సగం ధరకు ఇస్తాడు. బంధువైతే ఊరికే ఇస్తాడు. ముఖ్యమైన ప్రశ్నల పక్కన పెన్సిలుతో గీసిన గీతలు అందులో అట్లాగే ఉంటాయి.